ఒళ్లో వాయించే గిటారు

పాత ఇల్లు కొంటానంటే సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. పాత కారు కొంటానంటే ఇరవైమంది. పాత గిటారు కొంటాను, అదీ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించేది కొంటాను అంటే మాత్రం మా కోయంబత్తూరులో మనిషిని ఎగాదిగా చూస్తారు. "ఈ వయసులో నీకెందుకయ్యా గిటారు?" అన్నవాళ్లు కొందరు. "అలాంటిది కూడా ఒకటుందా?" అన్నవాళ్లు తక్కినవాళ్లు. అందుకని కొన్న కథ చెప్పేముందు ఆ వస్తువేమిటో నాలుగు మాటల్లో చెప్పడం నా విధి.

మామూలు గిటారును గుండెకు ఆనించుకుని, ఎడమచేతి వేళ్లతో తీగలను మెట్ల మీద నొక్కి వాయిస్తారు. ఈ గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెడతారు. తీగలు ఎత్తుగా ఉంటాయి, కిందికి తగలవు. ఎడమచేతిలో నున్నటి ఇనుప కడ్డీ పట్టుకుని తీగల మీద జారిస్తారు. మెట్లు ఉండవలసిన చోట ఉత్త గీతలు మాత్రం ఉంటాయి, గుర్తుకోసం. కడ్డీ జారుతున్నప్పుడు ఒక స్వరానికీ మరో స్వరానికీ నడుమ గోడ ఉండదు. నూనెధారలాగా సాగిపోతుంది. ఏడుస్తున్నట్టూ ఉంటుంది, ఎవరో దూరంనుంచి పిలుస్తున్నట్టూ ఉంటుంది. మన పెద్దవాళ్లు దీన్ని 'హవాయి గిటారు' అనేవారు.

పేరు ఉత్తినే రాలేదు. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లవాడు 1889 ప్రాంతంలో ఇనుప ముక్కను తీగల మీద జార్చి ఈ పద్ధతి కనిపెట్టాడని చెబుతారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శన తర్వాత అమెరికా అంతా హవాయి సంగీతం వెర్రెత్తింది. ఇంకో విశేషం చాలామందికి తెలియదు. ఈనాడు కుర్రకారు మెడలో వేలాడేసుకునే ఎలక్ట్రిక్ గిటారుకు పెద్దన్న ఈ ఒళ్లో గిటారే. 1932లో రికెన్‌బాకర్ వాళ్లు అమ్మకానికి పెట్టిన అల్యూమినియం వాద్యం గుండ్రటి పొట్ట, పొడుగాటి మెడతో అచ్చం పిడి ఉన్న పెనంలా ఉండేది. దాని ముద్దుపేరు కూడా 'ఫ్రైయింగ్ పాన్' అనే! కరెంటు గిటారుల వ్యాపారం నిలదొక్కుకున్నది దానితోనే.

మన దేశానికి ఇది కలకత్తా మీదుగా వచ్చింది. టావ్ మో అనే దీవుల కళాకారుడు కుటుంబంతో సహా 1940లలో అక్కడ ఉండి వాయించాడు, నేర్పాడు. తర్వాత సినిమా పాటల్లోకీ, రేడియోలోకీ పాకింది. 1967లో 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీనిమీద రాగాలే పలికించారు. విశ్వమోహన్ భట్‌గారు తన మోహన వీణతో, అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ బహుమతి తెచ్చుకున్నారు. అంటే ఇది పరాయిదిగా వచ్చి మన ఇంట్లో మనిషైపోయిన వాద్యం.

ఇక మా ఊరికి వద్దాం. కోయంబత్తూరు అంటే మిల్లులు, పంపుసెట్లు అని మీరు అనుకుంటారు. కాని ఒకప్పుడు ఇది సినిమా ఊరు కూడా. 1930లలో సెంట్రల్ స్టూడియో వెలిసింది. 1945లో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడుగారు పక్షిరాజా స్టూడియో పెట్టారు. ఆయన 1954లో తీసిన తమిళం 'మలైక్కళ్లన్' ఒక్క కథే ఆరు భాషల్లో సినిమా అయింది. అందులో తెలుగుది మన ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన 'అగ్గిరాముడు'. హిందీది దిలీప్‌కుమార్, మీనాకుమారిల 'ఆజాద్'. సంగీత దర్శకుడు ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడుగారు ఈ ఊళ్లోనే ఉండి పాటలు కట్టారు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న ఎం.ఎస్. విశ్వనాథన్ కుర్రతనంలో ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే. ఆ రోజుల్లో వాద్యగాళ్లకు స్టూడియోలో నెలజీతం ఉండేది. పొద్దున్నే మిల్లు కూతకు పనివాళ్లు పోయినట్టే వాళ్లూ పెట్టె పట్టుకుని స్టూడియోకు పోయేవారట.

'అట' అన్నాను గదా, ఇది నాకు చెప్పినది మా చిన్నాయన. ఆయనకిప్పుడు ఎనభైఆరు. చిన్నప్పుడు పక్కింటి వాద్యగాడికి క్యారియరు తీసుకుపోయే నెపంతో స్టూడియో గేటు దాటేవాడు. అక్కడే హవాయి గిటారు విన్నాడు. తర్వాత మిల్లులో ఉద్యోగం రాగానే వాయిదాల మీద ఒకటి కొన్నాడు. దీపావళికీ, ఆయుధపూజకూ మిల్లు ఆవరణలో వాయించేవాడు. నాకు ఊహ తెలిసేటప్పటికి మా ఇంటి తిన్నె మీద సాయంత్రాలు ఆ శబ్దమే. 1974లో మా చిన్నత్త పెళ్లికి డబ్బు చాలక దాన్ని అమ్మేశారు. ఆయన నోరెత్తి ఒక్కమాట అనలేదు. కడ్డీ మాత్రం అమ్మలేదు. అయిదు దశాబ్దాలు అది బీరువాలో, ధోవతుల కింద ఉంది.

రెండేళ్లనాడు పిన్నమ్మ పోయింది. ఆ తర్వాత ఆయన మాటలు తగ్గిపోయాయి. కంటిచూపు కూడా చాలావరకు పోయింది. ఒకరోజు నన్ను పిలిచి, ఆ కడ్డీ నా చేతిలో పెట్టి, "ఇది జారేదానికి ఏదైనా దొరుకుతుందేమో చూడరా" అన్నాడు. జీవితంలో ఆయన నన్ను అడిగిన మొదటి కోరిక అది. ఎనభైఆరేళ్ల మనిషి అడిగినప్పుడు 'చూద్దాంలే' అనడానికి వీల్లేదు.

వెతుకులాట మొదలుపెట్టాను. కొత్తవి బజారులో లేకపోలేదు. కాని ఆయన అడిగింది ఆనాటి గొంతు. మొదట ఒక దుకాణంలో ధగధగలాడే గిటారు చూపించారు. అమెరికా కంపెనీ పేరు ఉంది, 1940 నాటిది అన్నారు, ధర తొంభైవేలు. నేను మిల్లు యంత్రాల మధ్య ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ముందు మరలు చూస్తాను. మరల తలల మీద గీతలు కొత్తవి, కింద చెక్క రంగు పాతది. పేరుపలక అంచున జిగురు ఇంకా తెల్లగా ఉంది. వెనక మూత తీయనివ్వండి అంటే, తీయకూడదు అన్నారు. పెళ్లికూతుర్ని చూపించకుండా ముహూర్తం పెట్టుకోమన్నట్టుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

రెండో కబురు మదురై నుంచి వచ్చింది. తిరుమల నాయకుడి మహల్‌కు దగ్గరలో ఒక పాత ఇల్లు. ఇంటాయన పోయి పదేళ్లయింది, ఆయన వాయించిన హవాయి గిటారు అటకమీద ఉందని తెలిసినవారు చెప్పారు. బస్సెక్కాను.

మదురైకి పోయినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. 1529లో విశ్వనాథ నాయకుడు ఇక్కడ పాలన మొదలుపెట్టాడు. ఆయన వెంటా, ఆ తర్వాతా మనవాళ్లు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చి నేల పంచుకున్నారు. 1636 నాటి మహల్ స్తంభాల కింద నిలబడితే మనిషి చీమంత. ఆ రాజ్యం పోయి మూడువందల ఏళ్లు కావస్తోంది. ఇళ్లల్లో మాట మాత్రం ఉండిపోయింది. ఆ నాయకరాజుల కాలానికీ ఈ జారుడు వాద్యానికీ చుట్టరికం కూడా ఉంది. తంజావూరు రఘునాథ నాయకుడి తెలుగు కావ్యం 'శృంగార సావిత్రి'లో గొట్టువాద్యం ప్రస్తావన ఉందని సంగీత చరిత్ర రాసినవారు చూపిస్తారు. గొట్టువాద్యం చూడడానికి వీణే, కాని మెట్లు ఉండవు. చేవకర్ర కడ్డీని తీగల మీద జార్చి వాయించాలి. తిరువిడైమరుదూరు సఖారామరావుగారు దానికి కచేరీ గౌరవం తెచ్చారు. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ ఆయన దగ్గర కూడా పాఠం చెప్పుకున్నారు. మైసూరు ఆస్థానంలో నారాయణ అయ్యంగారు, తంజావూరు సీమలో బూదలూరు కృష్ణమూర్తి శాస్త్రిగారు దాన్ని నిలబెట్టారు. కాబట్టి హవాయి నుంచి గిటారు వచ్చినప్పుడు దక్షిణాదివారి చెవికి అది కొత్త చుట్టం కాదు, ఎప్పుడో విడిపోయిన దాయాది.

తలుపు తీసిన పెద్దామె మొదట తమిళంలో పలకరించింది. నేను తెలుగులో బదులు చెప్పేసరికి ముఖం విప్పారింది. "కూడు తింటివా నాయనా?" అని అడిగి, తినే వచ్చానన్నా వినకుండా ఆకు వేసింది. మా వైపు ఇళ్లల్లో బేరం ఆకు ఎత్తిన తర్వాతే.

పెట్టె దించాం. నల్లటి అట్టపెట్టె, లోపల ఎర్ర మఖ్మలు గుడ్డ, ఎలుకలు కొరికిన అంచులు. గిటారు మాత్రం చెక్కుచెదరలేదు. బరువైన టేకు దిమ్మ, ఆరు తీగలు, ముప్పైఆరు గీతలు, ఎక్కడా పేరులేదు. మెడ వంగిందా అని కంటికి ఆనించి చూశాను. నిజానికి ఈ వాద్యానికి మెడ కొంచెం వంగినా నష్టం లేదు, తీగ ఎలాగూ కింద తగలదు గనుక. చూడవలసినది బిరడాలు జారకుండా పట్టు నిలుపుతున్నాయా అని. నిలిపాయి. తర్వాత తీగల కింద ఉన్న పికప్. ఇది అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ వేలచుట్లు చుట్టిన చిన్న కాయిల్. తీగ కదలికను విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపేది ఇదే. బాగున్న పికప్‌కు మీటరు పెడితే కొన్నివేల ఓములు చూపించాలి. నా మీటరు ముల్లు కదలలేదు. లోపల ఎక్కడో తీగ తెగింది. గిటారు మూగది.

వెనక మూత తీస్తానంటే ఆమె అడ్డుచెప్పలేదు. లోపల చెక్కమీద పెన్సిలుతో తమిళంలో రాసిన వడ్రంగి గుర్తు, పక్కన తేదీ: 12-4-58. అది చూపించగానే ఆమె, "అవునవును, ఇది ఇక్కడే చేసినారు. లోపలి సామాను కలకత్తానుంచి పార్సిలు వచ్చింది. ఆ పొద్దు నాకు బాగా గుర్తుండాది, కొత్తగా కాపురానికి వచ్చినాను" అంది. అంటే అమెరికా సరుకు కాదు. మదురై వడ్రంగి చేతిపని, కలకత్తా కాయిలు.

అప్పుడు ఆమె అసలు మాట అడిగింది. "మావాడు బెంగుళూరులో ఉండాడు. ఫోనులో చూసి లక్ష చేస్తుందంటాడు. పాత సామాన్లవాడు మున్నూరు అన్నాడు. నువ్వు వాయించేదానికి అడుగుతా ఉండావు. నువ్వే చెప్పు నాయనా, ఇది ఎంత చేస్తుంది?"

కొనేవాణ్ణే ధర చెప్పమంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మూగపోయిన వాద్యం, పేరులేని వాద్యం. అయిదువేలంటే ఆమె ఇచ్చేసేది. చిన్నాయన కోరికా తీరేది, నా జేబూ నిలిచేది. కాని అన్నం పెట్టిన చెయ్యి ఎదురుగా ఉంది. ఆమె దగ్గరున్న వస్తువు విలువ ఆమెకు తెలియకపోవడం నాకు లాభం కాకూడదు అనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "పెద్దమ్మా, ఇది అమెరికాది కాదు కనుక లక్ష రాదు. కాని వాయించేవాడికి మంచి గిటారు. పలికితే పాతికవేలకు తక్కువ కాదు. పలికించడానికి ఖర్చుంది, పలుకుతుందో లేదో అన్న భయమూ ఉంది. నేను పద్దెనిమిది వేలు ఇస్తాను. మీవాణ్ణి కూడా అడగండి. ఎవరికైనా చూపించమనండి. నేను ఆగుతాను."

ఆమె కొడుక్కి ఫోను చేసింది. అతను నాతో తమిళంలో మాట్లాడాడు. ఇటు తల్లి తెలుగులో అరుస్తూనే ఉంది. అతని గొంతులో అనుమానం వినబడింది. తప్పులేదు, ఊరూపేరూ తెలియనివాడు ఇంటికొచ్చి తండ్రి వస్తువు మూత విప్పాడంటే ఎవరికైనా అనుమానమే. పద్దెనిమిది అన్నదానికి అతను, చూసి చెబుతాను అన్నాడు. ఒట్టి చేతులతో బస్సెక్కాను.

తర్వాత పదిరోజులు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. రోజూ పొద్దున కాఫీ తాగుతూ చిన్నాయన ఒకటే మాట: "మదురై ఫోను వచ్చిందా?" లేదంటే తలూపేవాడు. ఆరోరోజు ఆయనకు జ్వరం తగిలింది. రెండువేలు ఎక్కువిచ్చి అప్పుడే తెచ్చేయక ఈ ధర్మాలు నీకెందుకని మా ఆవిడ కోప్పడింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆ వయసులో పదిరోజులంటే చిన్న గడువు కాదు. పదకొండోరోజు ఆ అబ్బాయే ఫోను చేశాడు. బెంగుళూరులో ఇద్దరికి ఫొటోలు చూపించాడట, నేను చెప్పినట్టే చెప్పారట. "తీసుకుపోండి" అని, కొంచెం ఆగి, మొదటిసారి తెలుగులో అన్నాడు: "బాగైనాక అమ్మకు ఒకసారి వినిపియ్యండి."

గిటారు ఇల్లు చేరింది. మరి కాయిల్? ఇక్కడ మా కోయంబత్తూరు గొప్ప చెప్పుకోవాలి. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి మన దేశపు తొలి విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరిది. పైకారా కరెంటు వచ్చాక ఇంటింటా మోటార్లే, కాబట్టి వీధివీధినా కాయిల్ చుట్టేవాళ్లే. వాళ్లలో రిలేలకూ మీటర్లకూ సన్నతీగ చుట్టే ఒకతని దగ్గరికి పికప్ తీసుకుపోయాను. అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ మోటారుది సార్?" అన్నాడు. గిటారుదంటే నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి భూతద్దం తీశాడు.

దీనికి వాడే తీగ మందం మిల్లీమీటరులో పదహారో వంతు, తలవెంట్రుకతో పోటీపడేటంత. పాతది విప్పుతూ లెక్కపెడితే ఏడువేల చిల్లర చుట్లు వచ్చాయి. కొత్తది చుట్టేటప్పుడు మూడుసార్లు తెగింది. నాలుగోసారి ఫ్యాను ఆపేసి, కొట్టు తలుపు వేసుకుని, ఊపిరి బిగబట్టి చుట్టాడు. మీటరు పెడితే ఏడువేల ఓములు దాటింది. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకపెట్టాం. పదిహేనువందలు తీసుకున్నాడు. "వాయించినప్పుడు నన్ను పిలవండి" అని షరతు పెట్టాడు.

తీగలు వేసి, చిన్నాయన ఒళ్లో పెట్టాను. ఆయన చెప్పినట్టే శ్రుతి చేశాం. ఇంగ్లీషు లెక్కలో అది 'ఏ' మేజర్. మన లెక్కలో లావు తీగనుంచి సన్నతీగకు ప, స, ప, స, గ, ప. కడ్డీ లేకుండా ఆరు తీగలూ మీటినా ఇంపుగా ఉంటుంది. ఆయన కడ్డీని ధోవతి అంచుతో తుడిచి తీగలమీద పెట్టాడు.

మొదటి రెండురోజులు చెయ్యి వణికింది. మూడోరోజు నేనొక విషయం గమనించాను. ఆయనకు చూపు లేదు, గీతలు కనబడవు. అయినా కడ్డీ ఆగవలసిన చోటే ఆగుతోంది. నమ్మకం చాలక, ఫోనులో శ్రుతిచూపే యంత్రం పెట్టి పక్కన కూర్చున్నాను. ముల్లు నడిమధ్యకు వచ్చి నిలబడింది. ఒకసారి కాదు, పదిసార్లు. చూపున్న నేను సరిగ్గా గీతమీద కడ్డీ పెట్టినా ముల్లు అటో ఇటో ఒరిగింది. గీత సుమారు చోటు చెబుతుంది. స్వరం ఉన్న చోటు చెవికే తెలుసు. యాభైఏళ్లు వాద్యం లేకపోయినా ఆ చెవి చోటు మరిచిపోలేదు.

ఆయన దగ్గర ఒక పాటల నోటుబుక్కు ఉంది. అన్నీ తెలుగు పాటలే, త్యాగరాజస్వామి కీర్తనలు, సినిమా పాటలు. రాసింది తమిళ లిపిలో. మా ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. నేను కూడా ముప్పై దాటాక నెల్లూరులో ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్నవాణ్ణే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అచ్చు సంగీత పుస్తకాల్లోనైతే పక్కన అంకెలు వేసి తేడా చూపిస్తారు. చిన్నాయన అంకెలు కూడా వేయలేదు. సెలవులకు పూణేనుంచి వచ్చిన నా మనవరాలు, తమిళ లిపి ఈమధ్యే నేర్చుకున్నది, కూడబలుక్కుంటూ చదివి, "తాతా, ఇది కానమా, గానమా?" అని అడిగింది. ఆయన, "అక్షరాన్ని అడగొద్దే, నన్నడుగు" అని నవ్వి, పాడి వినిపించాడు. పాప మళ్లీ అంది. సరిగ్గా 'గానం' అంది.

అప్పుడు నాకు బోధపడింది, మా ఊళ్లల్లో తెలుగు ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందో. మా తెలుగుకు బడి లేదు, పుస్తకం లేదు. చాలా ఇళ్లల్లో లిపి కూడా లేదు. ఒకరి నోటినుంచి ఇంకొకరి చెవికి జారుతూ వచ్చింది. అందులో ధైర్యమూ ఉంది, భయమూ ఉంది. పుస్తకం అలమారలో వందేళ్లు ఆగుతుంది. చెవి ఆగదు. పలికేవాడు ఉన్నప్పుడే వినేవాడు పక్కన కూర్చోవాలి. ఒక తరం కూర్చోకపోతే అక్కడితో సరి. మదురై అబ్బాయి ఫోనులో అన్న ఆ ఒక్క తెలుగు వాక్యం నాకందుకే అంత విలువగా తోచింది.

మాట నిలబెట్టుకోవాలి గదా. ఒక ఆదివారం కాయిల్ చుట్టినతన్ని పిలిచాం. మదురైకి ఫోను కలిపి స్పీకరు దగ్గర పెట్టాం. చిన్నాయన రెండు పాటలు వాయించాడు. అటునుంచి చాలాసేపు మాటలేదు. తర్వాత ఆమె, "ఆయన రెండో చరణం ఇంకా మెల్లగా వాయించేవాడు" అంది. చిన్నాయన, "అట్లనా అమ్మా, సరే" అని మళ్లీ మెల్లగా వాయించాడు. ఇద్దరూ ఇంతవరకు ఒకరినొకరు చూసుకోలేదు. ఇప్పుడు నెలకోసారి ఆమే ఫోను చేసి ఫలానా పాట వాయించమని అడుగుతుంది.

ఇలాంటివి కొనదలచినవారికి అనుభవంమీద కొన్ని మాటలు. పేరుపలక చూసి మురిసిపోకండి, వెనక మూత తీయించి చూడండి. బిరడాలు, పికప్, గుండ్రటి మీటలు ముఖ్యం. మీట తిప్పితే గరగరమంటే భయపడనక్కర్లేదు, శుభ్రంచేస్తే పోతుంది. పికప్ చచ్చినా ప్రాణం పోయినట్టు కాదు, చుట్టేవాడు దొరికితే లేచి కూర్చుంటుంది. అమెరికానుంచి పాత యాంప్లిఫయరు తెప్పించుకుంటే అది 110 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టారో పొగే మిగులుతుంది, నడుమ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. పాత రంగు గీకి కొత్త పాలిషు వేయించకండి, అది వస్తువు వయసును చెరిపేయడమే.

అన్నిటికంటే ముందు మీ సొంత అటక చూడండి. గిటారే కానక్కర్లేదు. హార్మోనియమో, బుల్‌బుల్‌తారో, తీగలు తెగిన వీణో ఉండవచ్చు. పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు, అది ఎవరిది, ఎక్కడ చేయించారు, దానిమీద ఏ పాట వాయించేవారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది ఒక కాగితంమీద రాసి ఆ పెట్టెలోనే పెట్టండి. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు. వాళ్ల చేత ఒకసారి పాడించుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం మాత్రం మరవకండి.